తువ్వాలు కింద కునుకు

చిత్తూరు బెల్లం మండీలో ధర నోటితో చెప్పకూడదు. నోటితో చెబితే పక్కవాడు వింటాడు. విన్నవాడు మధ్యాహ్నానికల్లా దాన్ని కాట్పాడి దాకా మోస్తాడు. అందుకని అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని, కుడిచేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు మాట్లాడుకుంటాయి. వేలు పట్టుకుంటే ఒక లెక్క, కణుపు నొక్కితే ఒక లెక్క. ధర గిట్టకపోతే చెయ్యి వెనక్కి లాక్కోవాలి. లాక్కోకుండా చేతిని మెత్తగా ఎదుటివాడి చేతిలో వదిలేస్తే ఒప్పుకున్నట్టు. ఆ తరవాత మాట మార్చినవాడికి మండీ వీధిలో మంచినీళ్లు కూడా పుట్టవు.

మా మండీలో తువ్వాలు కింద పెట్టే చెయ్యి నాది. మా నాయన తరవాత నాకొచ్చింది. ఆ చేతిని నేను చలికాలం కొబ్బరినూనె రాసి, వానాకాలం జేబులో దాచి, పసిబిడ్డను సాకినట్టు సాకాను. అది అమ్మిన బెల్లంతో పాకాల నుంచి పుత్తూరు దాకా రోడ్డు వేయొచ్చు, మధ్యలో రెండు వంతెనలు కూడా కట్టొచ్చు. మా వీధిలో కొందరు పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, అదే ఊపులో నా చేతికి కూడా పెట్టుకునేవారు. నేను కళ్లారా చూడలేదు గానీ, పెట్టుకునే ఉంటారు.

ఎనభైల మొదట్లో ఒక సీజనులో, ఆ చెయ్యే నా పరువు తీసింది.

తవణంపల్లె దిక్కు నుంచి ఒక ముసలి రైతు తన ఏడాది బెల్లమంతా బండ్లకెత్తుకుని మా మండీకి వచ్చాడు. నేను దిమ్మె పగలగొట్టి, ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని రుచి చూశాను. ఉప్పు లేదు, సున్నం ఎక్కువ కాలేదు. బంగారం. కొనడానికి కాట్పాడి వ్యాపారి వచ్చాడు. తువ్వాలు కప్పుకున్నాం. ఆయన నా మధ్యవేలి కణుపు నొక్కాడు. రైతు విన్నాడంటే గుండె ఆగిపోయేంత తక్కువ ధర అది. చెయ్యి లాగేద్దామనుకున్నాను. అనుకోవడం వరకు నాకు బాగా జ్ఞాపకం.

తరవాత జ్ఞాపకం ఉన్నది కాట్పాడాయన గొంతు. "రొంబ సంతోషం" అని అరవంలో అంటూ తువ్వాలు మడుస్తున్నాడు. నా చెయ్యి ఆయన అరచేతిలో, చచ్చిన పావురంలా, మెత్తగా పడి ఉంది. నేను బేరం మధ్యలో నిద్రపోయాను. మండీలో నా గురకకు బెల్లం మీది ఈగలన్నీ లేచిపోయాయని హమాలీలు తరవాత చెప్పుకున్నారు.

మా మండీలో నాకు భాగస్తుడు నా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు. రైతుకు తగ్గిన మొత్తం మండీ నుంచి ఇచ్చి పంపాడు. తరవాత నా దగ్గరకొచ్చి, బిడ్డకు నచ్చజెప్పినట్టు చెప్పాడు.

"బావా, ఈ సీజను నేను చెయ్యి పెడతా. నువ్వు బెల్లం రుచి సూస్తా ఆడ కూసో."

"ఒక్కసారి కన్నంటుకుంటే చెయ్యి లాగేస్తావా రా?"

"ఒక్కసారా? మొన్న క్షవరానికి పోయి కుర్చీలో పడుకుంటివి. ఆయన నీ మీసం ఒకపక్క తీసేసినా లెయ్యకపోతివి. చెయ్యి పోతే మండీ పోతాది బావా. నిద్దర తగ్గినాక సూద్దాం."

తగ్గినాక చూద్దాం అన్నాడు. ఆ మాటలో నాకు వాసన కొట్టింది. చెయ్యి నా దగ్గర్నుంచి పోతే ఎవరి దగ్గరికి పోతుంది? వాడి దగ్గరికే. మరి నాకు ఉన్నట్టుండి ఈ నిద్ర ఎక్కడిది? పడుకుంటే తెల్లారేదాకా పడుకుంటాను. అయినా లేచేసరికి తల మీద రోలు పెట్టినట్టు నొప్పి, నోరు ఎండిపోయిన చెరువు. పగలంతా ఎక్కడ కూర్చుంటే అక్కడ కునుకు. తిరుచానూరులో క్యూలో నిలబడి నిద్రపోయాను. జనమే నన్ను ముందుకు మోసుకుపోయి, అమ్మవారి ఎదుట నిలబెట్టి, బయటికి తెచ్చి, చేతిలో ప్రసాదం పెట్టారు. ఆ రోజు అమ్మవారు నన్ను చూసింది, నేనే ఆమెను చూడలేదు.

ఇంత నిద్ర ఊరికే రాదు. మా వైపు మనిషి ఉన్నట్టుండి మారిపోతే, మతిమరుపు వచ్చినా, మబ్బుగా తిరిగినా, పెళ్లాం మాట విన్నా, అందరూ ఒకటే అంటారు: ఎవరో మందు పెట్టినారు. అన్నంలోనో మజ్జిగలోనో ఏదో పొడి కలిపి తినిపిస్తే అది కడుపులో గడ్డలా అతుక్కుని మనిషిని ఆడిస్తుందని నమ్మకం. నాకూ పెట్టారు. ఎవరు పెట్టారన్నదే తేలాలి.

నేను ఇంట్లోనే విచారణ మొదలుపెట్టాను. మొదటి ముద్దాయి బావమరిది. వాడి మీద సాక్ష్యం ఏమిటంటే, నన్ను చూసినప్పుడల్లా జాలిగా ముఖం పెట్టడం. మా బావమరిదికి పుట్టుకతో జాలి లేదు. రెండో ముద్దాయి మా ఆవిడ. రోజూ పడుకునేముందు గ్లాసుడు మజ్జిగ ఇస్తుంది. ఎందుకిస్తుంది? ఇరవై ఏళ్ల నుంచి ఇస్తోంది కాబట్టి అన్న జవాబు విచారణకు చాలదు. పైగా నా పక్కటెముకల మీద పొద్దున్నే కమిలిన మచ్చలు కనిపించేవి. మోచేత్తో పొడిచిన గుర్తులు. ఇంకొన్నాళ్లు పొడిస్తే, విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరు పోయి కట్టించుకోవలసిందే. ఇవన్నీ ఒక ఎత్తు. ఒకనాడు తెల్లవారుతుండగా కళ్లు తెరిస్తే, మా ఆవిడ నా మీదికి వంగి, రెండు వేళ్లు నా ముక్కు కింద పెట్టి ఉంది.

"ఏంది?" అన్నాను.

"ఏం లేదు. పడుకోండి" అని చెయ్యి తీసేసింది.

ఏం లేనిదానికి మనిషి ముక్కు కింద వేళ్లు ఎందుకు పెడతారు? పొడి పీల్పించడానికి కాక?

ఆ రోజు నుంచి ఇంట్లో మెతుకు ముట్టలేదు. ప్రాణం కాపాడుకోవాలంటే హోటలే శరణ్యం. పొద్దున ఇడ్లీ తిన్నాక, ఇడ్లీలో ఏముంటుందని దోసె, దోసె పలచన కాబట్టి పొంగలి. మధ్యాహ్నం మిలిటరీ హోటల్లో మాంసం భోజనం. సాయంకాలం బజ్జీల బండివాడు నన్ను చూసి పొయ్యిలో ఇంకో కట్టె పెట్టేవాడు. మధ్యలో మండీలో రుచి చూసే పని ఎలాగూ ఉంది. వచ్చిన ప్రతి బండికీ ఒక ముక్క, అనుమానముంటే రెండు. నాకు అన్నిటి మీదా అనుమానమే. రెండు నెలల్లో నా చొక్కా గుండీలు ఒక్కొక్కటే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాయి. మెడ అనేది భుజాల్లోకి దిగిపోయి కనిపించకుండా పోయింది. అయినా నిద్ర తగ్గలేదు, ఇంకా పెరిగింది. అప్పుడు నాకు స్పష్టంగా అర్థమైంది. మందు పాతది, లోపల బలంగా అతుక్కుంది. కక్కిస్తే తప్ప పోదు.

పాకాల దగ్గర ఒక పల్లెలో ఏదో పసరు తాగించి మందు కక్కించే ఆయన ఉన్నాడని విన్నాను. మా ఆవిడతో చెప్పాను, ముఖం ఎలా మారుతుందో చూద్దామని.

"పాకాల కాడ ఒకాయన మందు కక్కిస్తాడంట. పోయొస్తా."

"మీకెవురు పెట్టినారంట?"

"అదీ ఆయనే సెప్తాడు."

ఆమె చేతిలో పని ఆపలేదు. "అయితే నేనూ వస్తా. ఎవురో నాకూ తెలియల్ల గదా" అంది.

ముఖం మారలేదు. అదే నా అనుమానాన్ని రెట్టింపు చేసింది.

చిత్తూరులో తిరుపతి పోయే పాసింజరు ఎక్కాం. ఆ కాలంలో ఆ బండి ఎంత నిదానమంటే, దిగి చింతకాయలు కోసుకుని మళ్లీ అదే పెట్టెలో ఎక్కొచ్చు. మా ఎదురుగా ఒక సన్నటి మనిషి, కళ్లద్దాలు, ఒళ్లో తోలుసంచి. కూర్చున్నప్పటి నుంచి నా మెడ వంక చూస్తున్నాడు. మెడలో గొలుసుంది. ఆ గొలుసును చొక్కా లోపలికి తోశాను. అప్పుడు నా నోటి వంక చూశాడు. ముందు పన్నుకు బంగారు తొడుగుంది. నోరు మూసుకున్నాను. ఇలాంటి దొంగలు ముందు పేరూ ఊరూ అడిగి, తరవాత బిస్కట్లు పెడతారని తెలుసు. వాడు ఏదీ అడగలేదు, ఏదీ పెట్టలేదు. మహా ముదురు దొంగ అనుకున్నాను. వీడి మీద ఒక కన్నేసి ఉంచాలని గట్టిగా నిర్ణయించుకుని, నిద్రపోయాను.

లేచేసరికి బండి ఆగి ఉంది. కిటికీలోంచి చూస్తే పెద్ద ప్లాట్‌ఫారం, గుండ్లు కొట్టించుకున్న తలలు, గోవింద నామాలు. తిరుపతి. పెట్టె ఖాళీ. మా ఆవిడా, ఆ కళ్లద్దాల మనిషీ పక్కపక్కన నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. ఆయన చేతిగడియారం చూపించి ఏదో చెబుతున్నాడు, ఈమె తల ఊపుతోంది.

"పాకాల యాడ?" అన్నాను.

"అయిపాయ."

"నన్ను లేపలేదే?"

"దినామూ లేపతానని తిడతారు గదా. ఈ పొద్దు లేపలా" అంది మా ఆవిడ. "ఈయన ఈడ డాక్టరంట. మిమ్మల్ని ఒకసారి సూస్తాడంట."

నాకు అంతా తేటతెల్లమైంది. ముగ్గురూ కలిసే చేశారు. చిత్తూరులో తమ్ముడు, ఇంట్లో అక్క, బండిలో డాక్టరు. గొలుసు తడుముకున్నాను. ఉంది. పన్ను తడుముకున్నాను. అదీ ఉంది. అంటే వీళ్లకు కావలసింది వేరే ఏదో. అదేమిటో కనిపెడదామనే వాళ్ల వెంట ఆస్పత్రికి నడిచాను.

ఆ పెట్టెలో జరిగింది నాకు తరవాత తెలిసింది. నేను నిద్రపోగానే గురక మొదలైంది. గురక హఠాత్తుగా ఆగింది. ఆగగానే మా ఆవిడ మోచేత్తో పొడిచింది. పొడవగానే నేను మునిగి తేలినవాడిలా గుటక వేసి ఊపిరి లాగాను. మళ్లీ గురక, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ పోటు. ఇది చూసి ఆయన, "అమ్మా, నేను డాక్టర్ని. ఈసారి పొడవొద్దు, ఏమవుతుందో చూద్దాం" అన్నాడు. "ఏమన్నా అయితే?" అని ఈమె. "పక్కనే ఉన్నాను కదా" అని ఆయన. పొడవకుండా కూర్చోవడానికి మా ఆవిడ తన చేతిని తానే కొంగులో చుట్టుకుందట. నా ఊపిరి ఆగినంతసేపూ ఆయన గడియారం చూశాడు, ఈమె నా పొట్ట చూసింది. పాకాల వచ్చి పోయింది. ఆ పసరు వైద్యుడు ఇంకొకరిని కక్కించుకుని ఉంటాడు.

ఆస్పత్రిలో డాక్టరు నన్ను నోరు తెరవమని, టార్చిలైటు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు, ఏదో పారేసుకున్నవాడిలా.

"పగలు నిద్ర వస్తుందా?"

"వస్తాది. మందు పెట్టినారు సార్."

"లేస్తూనే తలనొప్పి? నోరెండిపోవడం?"

"మీకెవురు సెప్పినారు?" అని మా ఆవిడ వంక చూశాను.

ఆయన నవ్వలేదు. నిద్రపోయినప్పుడు నాలుకా గొంతు కండరాలూ వదులై వెనక్కి వాలతాయనీ, నాకు మెడ చుట్టూ కొవ్వు పేరుకుని దారి ముందే ఇరుకైందనీ, అందుకని గాలి పోయే దారి మూసుకుపోతుందనీ చెప్పాడు. ఊపిరి ఆడక ఒళ్లు ఉలిక్కిపడుతుంది, కొంచెం మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. "మీరు తెల్లవార్లూ పడుకుంటున్నారు, కానీ నిద్రపోవడం లేదు. ఆ బాకీనే పగలు తీరుస్తున్నారు" అన్నాడు. దానికి స్లీప్ ఆప్నియా అని పేరు కూడా చెప్పాడు. గురకకు ఇంత పేరు పెట్టారంటే దాని వెనక ఏదో వ్యాపారం ఉండే ఉంటుందని నా వ్యాపార బుద్ధి చెప్పింది.

"నమ్మకం లేదా?" అన్నాడు.

"బెల్లమైతే ముక్క నోట్లో ఏసుకుని సెప్తా సార్. ఇది ఎట్ల నమ్మేది?"

అప్పుడు ఆయన పరీక్ష పెట్టాడు. నేను చేయాల్సిందల్లా మధ్యాహ్నం భోంచేసి ఆస్పత్రి మంచం మీద పడుకోవడం. జీవితంలో నేను చదవకుండా పాసైన పరీక్ష అదొక్కటే. తలగడ దగ్గర టేపు రికార్డరు పెట్టారు. సాయంకాలం దాన్ని నాకు వినిపించారు.

ముందు గురక. నాది కాదన్నాను. పాకాల జంక్షన్లో నీళ్లు పట్టుకుంటున్న ఇంజను అన్నాను. తరవాత గురక తెగింది. టేపు ఖాళీగా తిరిగింది. "సూడండి, మిషను చెడిపోయినాది" అన్నాను. డాక్టరు వేలెత్తి వినమన్నాడు. ఆ ఖాళీలో గాజుల చప్పుడు. ఆ చప్పుడు వెనక, ఎవరికీ వినపడకూడదన్నట్టు, మా ఆవిడ గొంతు. గోవిందా. గోవిందా. గోవిందా. తరవాత, నూతిలోకి బొక్కెన తెగి పడినట్టు నా గుటక. గోవింద ఆగిపోయింది. గురక మొదలైంది. కొంచెంసేపటికి మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ గోవింద.

గురక ఎవరిదైనా కావచ్చు. ఇంజనుది కూడా కావచ్చు. ఆ గోవింద మాత్రం మా ఆవిడదే.

"ఇదేంది?" అన్నాను ఆమెతో.

"ఊపిరి వస్తా ఉండాదా లేదా అని ముక్కు కాడ ఏలు పెట్టి సూస్తా. రాకుంటే పొడస్తా. ఈడ డాక్టరు పొడవొద్దనె. ఇంగేం జేసేది, గోవిందా అనుకుంటి."

"ఎన్నాళ్ల నించి?"

"లెక్క పెట్టలా."

"నాకు సెప్పొచ్చు గదా."

"సెప్తే నమ్ముతారా మీరు? ఏలు పెట్టినానని కూడు మానేస్తిరి."

అక్కడికక్కడే ఆమెను ముద్దాయిల పట్టీలోంచి కొట్టేశాను. బావమరిదిని మాత్రం ఉంచాను. ఒక్కడైనా మిగలకపోతే ఇన్నాళ్ల విచారణ ఏం కావాలి?

వైద్యం సంగతికి వస్తే, డాక్టరు మూడు దారులు చెప్పాడు. గొంతుకు బయటి నుంచి రంధ్రం చేసి గొట్టం పెట్టవచ్చు, పగలు మూసుకోవచ్చు, పడుకునేటప్పుడు తెరుచుకోవచ్చు. "నేను మండీ మనిషిని సార్, కుళాయిని కాదు" అన్నాను. విదేశాల్లో ఎవరో ముక్కుకు తొడిగి గాలి కొట్టే మిషను కనిపెట్టారట. అది మనదాకా రావడానికి ఏళ్లు పడుతుందట. ఈ సంగతి తరవాత విని మా బావమరిది, అంతదాకా సైకిలు పంపుతో తాను కొడతానన్నాడు. వాడు కొడతాడు. ఆపమన్నప్పుడు ఆపుతాడన్న నమ్మకమే లేదు.

మూడో దారి నాకు మిగిలింది. ఒళ్లు తగ్గించాలి. వెల్లకిలా పడుకోకూడదు, పక్కకు తిరిగే పడుకోవాలి. పొద్దున్నే నడవాలి. హోటళ్లు బంద్. బెల్లం రుచి చూడడం బంద్. ఒక్క మాత్ర రాయలేదు, ఒక్క సూది పొడవలేదు. మందివ్వని డాక్టరును ఎవరైనా నమ్ముతారా? చిత్తూరు చేరేదాకా ఆయన నిజంగా డాక్టరేనా అని మా ఆవిణ్ణి అడుగుతూనే ఉన్నాను. ఆమె అప్పటికే కిటికీకి ఆనుకుని నిద్రపోతోందని కాసేపటికి గాని గమనించలేదు.

ఇంటికి వచ్చాక ఆమె నా బనియను వీపున ఒక జేబు కుట్టి, అందులో పచ్చి వెలగకాయ పెట్టింది. వెల్లకిలా తిరిగానంటే వెన్నులో దిగేది. మొదటి వారం నేను పడుకున్నది మంచం మీద కాదు, యుద్ధభూమి మీద. నా వీపున వెలగకాయ కాసిందని బావమరిది మండీలో అందరికీ చెప్పాడు. కొందరు చూడ్డానికి వచ్చారు కూడా. పొద్దున్నే కాట్పాడి రోడ్డు మీద నడిచేవాణ్ణి. బజ్జీల బండివాడు నన్ను చూసి ముఖం తిప్పుకునేవాడు, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు. ఇంట్లో సంగటి ముద్ద చూస్తుండగానే చిన్నదైపోయింది. మండీలో బెల్లం బండ్లు దిగేటప్పుడు ఆ వాసనకు నా నాలుక నన్ను వదిలి బయటికి పోవాలని చూసేది. రుచి చూసే పని బావమరిదికి అప్పజెప్పి, నేను గోడ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

తరవాతి సీజను వచ్చేసరికి నాకు మెడ మళ్లీ కనిపించింది. పొద్దున లేస్తే తల తేలిగ్గా ఉండేది. తేలిగ్గా ఉండడం మీద కూడా కొన్నాళ్లు అనుమానపడ్డాను. ఒకరోజు పాలవాడు మా వాకిట్లో పిలిచి పిలిచి, ఎవరూ లేవకపోతే, పాలు పోయకుండానే వెళ్లిపోయాడు. మా ఆవిడ పొద్దెక్కేదాకా నిద్రపోయింది. ఆరోజు ఇంట్లో కాఫీ లేదు.

ఇక చెయ్యి సంగతి. బావమరిది దగ్గరికి పోయి, "నిద్దర తగ్గింది. నా చెయ్యి నాకియ్యి" అన్నాను.

వాడు నోట్లో బెల్లం ముక్క చప్పరిస్తూ ఆలోచించాడు. "నాకేం బావా, నువ్వు పెట్టుకో. రైతులు ఒప్పుకోవల్ల గదా. ఆ తవణంపల్లె ముసలాయన బండ్లు వచ్చినాయి. ముందు ఆయన్ను అడుగు. ఆయన సరే అంటే ఊరంతా సరే అన్నట్టే."

ముసలాయన్ను అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"పోయినేడు నువ్వు నిద్దరపోతివి, నేను నిద్దర పోకుంటా ఉంటి" అన్నాడు. "ఈసారి నీ చెయ్యే పెట్టు. కాకపోతే నేను నీ ముందర కూసుంటా. నీ కండ్లే సూస్తా ఉంటా. మూసినావంటే బండ్లు పక్క మండీకి తోలుకోని పోతా."

కొనడానికి కాట్పాడాయనే వచ్చాడు. ఎదురుగా నన్ను చూడగానే ఆయన ముఖం పెళ్లి భోజనం చూసినట్టు వికసించింది. తువ్వాలు కప్పుకున్నాం. కాట్పాడాయన పక్కనే, నా ముందర, ముసలాయన గొంతుక్కూర్చుని, నా కళ్లల్లోకి సూటిగా చూస్తున్నాడు. వెనక బావమరిది నిలబడ్డాడు. వీధిలో సగం మంది ఏదో పని ఉన్నట్టు అక్కడే తచ్చాడుతున్నారు.

కాట్పాడాయన ఏమాత్రం తొందరపడలేదు. నా వేళ్లను నొక్కడం మాని, మెల్లగా నిమరడం మొదలుపెట్టాడు. ఎండ ఎలా ఉందో చెప్పాడు. వాళ్ల పాప పెళ్లి సంగతి, ఏ చుట్టం ఏ పూట వచ్చాడో వరసగా, ఒకే గొంతుతో, జోలపాట పాడినట్టు చెప్పాడు. నాకు వేడి పాలు తెప్పించాడు. అంత మర్యాద ఆయన జన్మలో ఎవరికీ చేసి ఉండడు. నేను పాలు ముట్టలేదు. చుట్టాలందరూ పెళ్లికి వచ్చి, తిని, వెళ్లిపోయారు. నా కళ్లు అలాగే తెరిచి ఉన్నాయి. చివరికి ఆయన నిట్టూర్చి, పోయినేడు నొక్కిన కణుపే నొక్కాడు. చెయ్యి లాగేశాను. పక్క కణుపు నొక్కాడు. లాగేశాను. ముసలాయన ఊపిరి నా ముఖానికి తగులుతోంది. కాట్పాడాయన లేచిపోబోయినట్టు నటించి, మళ్లీ కూర్చున్నాడు. ఈసారి నా చూపుడువేలు మొత్తంగా పట్టుకున్నాడు. అది న్యాయమైన ధర. నా చెయ్యిని ఆయన చేతిలో మెత్తగా వదిలేశాను, కళ్లు మాత్రం ముసలాయన వైపే ఉంచి.

తువ్వాలు తీశారు. ముసలాయన ధర వినడానికి నా నోటి దగ్గర చెవి పెట్టాడు. చెప్పాను. ఆయన కాసేపు అలాగే నా ముఖంలోకి చూసి, మోకాళ్ల మీద చేతులాన్చుకుని లేచాడు.

"అమ్మినావు లే సామీ," అన్నాడు, "ఇంగ రెప్ప ఆర్పు."